ఉద్దానపు పెరళ్ళు – పరదేశపు చెట్లు

పలాసలో రైలు దిగి తూర్పున సముద్రమువైపు పోయేవారికి కొంత దూరములోనే నేల స్వభావము మారిపోతుంది. మట్టి తగ్గి ఇసుక ఎక్కువవుతుంది. వరిపొలాలు వెనుకబడి, బాటకు ఇరువైపులా జీడిమామిడి తోపులు, వాటి నడుమ కొబ్బరి, పనస, మామిడి, మునగ, దూరాన తాళ్ళ వరుసలు కనిపిస్తాయి. ఇండ్ల చుట్టూ తోటలు వేశారా, తోటలలోనే ఇండ్లు కట్టుకొన్నారా అని కొత్తవారికి సందేహము కలుగుతుంది. ఇదే ఉద్దానము. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలోని ఈ తీరభూమికి 'ఉద్యానము' అనే మాట నుండియే ఆ పేరు వచ్చినదని చెబుతారు. పడమట 1501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతము. ఈ రెంటి నడుమ సన్నని పట్టీవంటి నేల. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడేవరకు ఇది గంజాం జిల్లాలోనిది. తరువాత విశాఖపట్టణం జిల్లాలో చేరి, 1950 ఆగస్టు 15 నుండి శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది.

ఇక్కడి ఒక సామాన్య గృహస్థుని పెరటిలో నిలబడి, ఏ చెట్టు ఏ దేశానిదని లెక్క వేయడము మొదలుపెడితే ఆశ్చర్యకరమైన ఫలితము వస్తుంది. జీడిమామిడి బ్రెజిలు దేశానిది. జామ, బొప్పాయి, సీతాఫలము, సపోటా అమెరికా ఉష్ణమండలము నుండి వచ్చినవి. దొడ్డి కంచెలోని సీమచింత మెక్సికో ప్రాంతపుది. తీరము వెంట నాటిన సరుగుడు ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలకు చెందినది. పనస మన దేశపుదే కాని, దాని పుట్టిల్లు పడమటి కనుమలు. కొబ్బరికాయ సముద్రము మీద తేలివచ్చే బాటసారి. ఇవన్నీ తీసివేస్తే ఆ పెరటిలో మిగిలేది తాడి, ఈత, మామిడి, చింతవంటి కొద్దిపాటి చెట్లు మాత్రమే. ఆ చింత కూడా ఆఫ్రికా నుండి ఎన్నడో వచ్చినదని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము.

మన పూర్వులు ఈ రాకపోకలను గ్రంథాలలో వ్రాసి ఉంచలేదు కాని, పేర్లలో కొంత దాచిపెట్టారు. 'సీమ' అనే మాట తగిలించిన చెట్టు ఓడ దిగి వచ్చినదని గుర్తు: సీమచింత, సీమపనస, సీమతంగేడు. సీతాఫలము, రామాఫలము అనే పేర్లు విన్నవారు అవి వనవాస కాలము నాటివనుకొంటారు. వాటి దగ్గరి బంధువర్గములో అధికభాగము అమెరికాలోనే ఉన్నది. పరదేశపు పండుకు పురాణపురుషుల పేరు పెట్టి సొంతము చేసుకొనే నేర్పు మనవారికి బాగా తెలుసు.

ఈ పేర్లలో అన్నింటికంటె చమత్కారమైనది జీడిమామిడి. జీడి అనే చెట్టు మన అడవులలో పూర్వము నుండీ ఉన్నది. దాని గింజలోని నల్లని రసముతో చాకళ్ళు బట్టలమీద చెరగని గుర్తులు పెట్టేవారు. ఆ రసము తగిలితే ఒళ్ళు పొక్కుతుంది. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు బ్రెజిలు నుండి ఒక కొత్త చెట్టును తెచ్చి పడమటి తీరాన నాటారు. అక్కడి ఆదివాసుల భాషలోని 'అకజు' అనే పేరు పోర్చుగీసులో 'కజు' అయి, మన బజారులో 'కాజు' అయినది. అది తూర్పు తీరానికి చేరినప్పుడు తెలుగువారు పరిశీలించి చూశారు. గింజ పెంకులోని రసము జీడి రసమువలెనే పొక్కిస్తున్నది. పూత, పండు వాసన మామిడిని తలపిస్తున్నవి. రెంటినీ కలిపి జీడిమామిడి అన్నారు. వృక్షశాస్త్రజ్ఞులు కూడా ఈ మూడు చెట్లను ఒకే కుటుంబములో చేర్చారు. 1753లో లినేయస్ ఈ చెట్టుకు 'అనకార్డియం' అనే పేరు పెట్టినప్పుడు చేసినదీ ఇదే. ఆ పేరు అంతకుముందు ఐరోపా మందుల అంగళ్ళలో మన నల్లజీడిగింజకు ఉన్నది. స్వీడను దేశపు పండితుడు, పేరు తెలియని తెలుగు రైతు ఒకే పోలికను పట్టుకొన్నారు.

విద్యార్థులు జీడిపండును చేతిలోనికి తీసుకొని ఒక విషయము గమనించవలెను. ఎరుపు, పసుపు రంగులలో ఉండే ఆ రసభరితమైన భాగము నిజమైన ఫలము కాదు. ఉబ్బిన కాడ మాత్రమే. క్రింద వ్రేలాడే మూత్రపిండాకారపు గింజయే అసలు ఫలము. దాని పెంకు రెండు పొరల నడుమ తేనెపట్టు గదులవంటి వానిలో అనకార్డికామ్లము, కార్డాలు అనే ఘాటైన పదార్థాలు ఉన్నవి. పలాస, కాశీబుగ్గలలోని జీడి కర్మాగారాలలో పప్పు ఒలిచే స్త్రీల చేతులు నల్లబడడానికి కారణము ఇదే. బూడిదో నూనెయో రాసుకొని పని చేసినా ఆ నలుపు సులభముగా పోదు. ఇసుకనేల కొట్టుకొనిపోకుండా నిలబెట్టడానికి మంచిదని అనేకచోట్ల నాటిన చెట్టు తుదకు ఒక పట్టణానికే జీవనాధారమైనది. నేడు ఇక్కడి పంట చాలక, ఆఫ్రికా ఖండము నుండి ముడిగింజలు ఓడలలో తెప్పించుకొంటున్నారు. ఆ ఖండానికి కూడా ఈ చెట్టును చేర్చినవారు పోర్చుగీసువారే.

కొబ్బరి సంగతి వేరు. దానిని ఎవరో ఒకరు తెచ్చారని చెప్పడానికి వీలులేదు. పీచుతో నిండిన తేలికైన డొక్క కాయకు తెప్పవలె పనిచేస్తుంది. మూడు నెలలకు పైగా ఉప్పునీటిలో తేలిన కాయలు కూడా మొలకెత్తినట్లు ప్రయోగాలలో తేలినది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో ప్రపంచమంతటి కొబ్బరిచెట్ల డి.యన్.ఏ.ను పోల్చి చూడగా, హిందూమహాసముద్రపు వర్గము, పసిఫిక్ మహాసముద్రపు వర్గము అని రెండు పెద్ద తెగలు కనబడినవి. అంటే మానవుడు కొబ్బరిని వేరువేరుగా రెండుచోట్ల పెంపకములోనికి తెచ్చాడని అర్థము. మన తూర్పుతీరపు పొడుగు రకము మొదటి తెగకు చెందినది. పొట్టిరకాల మూలము పసిఫిక్ వైపు ఉన్నది. ఉద్దానపు రైతు పొడుగు కొబ్బరినే ఎక్కువగా నమ్ముకొన్నాడు. పెరటిలో గిన్నెలు కడిగిన నీరు, స్నానము నీరు పారే చోట ఒక మొక్క పాతితే, ఆరేడేండ్లకు కాపుకు వచ్చి, మనుమలనాటికి కూడా కాయలిస్తుంది. 1890ల దశకములో తూర్పుకోస్తా రైలుమార్గము వేసిన తరువాత ఈ ప్రాంతపు కొబ్బరికి, పనసకు దూరదేశపు బజార్లు అందుబాటులోనికి వచ్చినవి.

అయితే అపురూపమైన తాళజాతి చెట్లను, ఉష్ణదేశపు వృక్షాలను ఒక తోటలో చేర్చి, శ్రద్ధతో పెంచి, ఫలితాలు వ్రాసిపెట్టిన మొదటి ప్రయత్నము తెలుగుదేశములో ఉద్దానానికి నైరుతి దిశగా గోదావరి ప్రాంతములోని సామర్లకోటలో జరిగినది. విలియం రాక్స్‌బరో స్కాట్లండు దేశీయుడు. 1751లో జన్మించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరాడు. 1781 నుండి సామర్లకోటలో ఉన్నాడు. వైద్యముకంటె అతనికి మొక్కలమీదనే మక్కువ. కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, జాఫ్రా, సీమపనస, మిరియాలు మొదలైనవాటిని నాటి పరీక్షించాడు. రాజమహేంద్రవరము కొండలలో అడవి మిరియపుతీగను చూచి, దానిని తోటలోనికి తెచ్చి పెంచాడు. రోజుకు మూడుసార్లు వాయుభారము, ఉష్ణోగ్రత కొలిచి వ్రాసుకొనేవాడు. 1787లో కోరింగ తీరాన్ని ముంచిన ఉప్పెనలో అతని పుస్తకాలు, సేకరణలు పోయినవి. అతడు తిరిగి మొదటినుండి ప్రారంభించాడు. దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1790 నాటికే అటువంటి చిత్రాలు 700 వరకు ఉన్నవి. వాటిలో 300 చిత్రాలు 'కోరమండల తీరపు మొక్కలు' అనే పెద్ద గ్రంథముగా 1795 నుండి లండనులో వెలువడినవి. దానిలో ప్రతి మొక్కకు తెలుగు పేరు తెలిసినంతవరకు వ్రాశాడు. సోమిద చెట్టు పేరు 'సోయ్‌మిడా'గా శాస్త్రనామములో నేటికీ నిలిచి ఉన్నది.

ఇది కేవలము ఒక ఉద్యోగి వినోదము కాదు. 1789 నుండి 1792 వరకు ఉత్తర సర్కారులలో ఘోరమైన క్షామము వచ్చినది. జనము గుంపులుగా చనిపోయారు. కండ్లయెదుట ఆ దారుణాన్ని చూచిన రాక్స్‌బరో ఒక విషయము గుర్తించాడు. వరి, జొన్న ఒక వాన తప్పితే పోతాయి. లోతుగా వేళ్ళు పాతుకొన్న చెట్టు ఒక ఏడాది అనావృష్టిని తట్టుకొంటుంది. అందుచేత కాలువగట్లమీద, ఊరిపొలిమేరలలో కొబ్బరి, తాడి, సగ్గుబియ్యపు తాళము, పనస, అరటివంటివి విరివిగా నాటించవలెనని కంపెనీవారికి సూచించాడు. ఆ సలహాను కంపెనీ పెద్దగా పట్టించుకొన్నట్లు కనబడదు. శిస్తు వచ్చేది పొలముమీదనేకాని పొలిమేర చెట్టుమీద కాదుగదా!

ఆ క్షామములో పేదలు ప్రాణాలు నిలుపుకొన్న ఒక చెట్టును కూడా రాక్స్‌బరో తన గ్రంథములో చిత్రించాడు. అది చిట్టీత. ఇసుకనేలలలో, బంజరులలో పొదవలె పెరిగే ఈ ఈత మొదలు మనిషి మోకాలి ఎత్తైనా ఉండదు. ఆ పొట్టి బోదెను చీలిస్తే లోపల పిండిపదార్థము ఉంటుంది. దానిని దంచి, జల్లించి, జావ కాచుకొని తాగారు. వంటచెరకుగా కూడా పనికిరాదని త్రోసివేసిన మొక్క ఆకలికాలములో అన్నమైనది.

జీలుగు కూడ అటువంటిదే. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ మన్యాలలో కల్లుకు ప్రసిద్ధమైన ఈ చెట్టు బోదెలోని పిండి మేలైన సగ్గుబియ్యానికి తీసిపోదని రాక్స్‌బరో వ్రాశాడు. తాళజాతిలో జీలుగు ఆకుకు సాటి మరొకటి లేదు. కొబ్బరి ఆకు ఈనెకు ఇరువైపులా ఒకేసారి చీలుతుంది. జీలుగు ఆకు రెండుమార్లు చీలి, ప్రతి తునక చేపతోకవలె ముగుస్తుంది. పూలగెలలు పైనుండి క్రిందికి ఒకదాని తరువాత ఒకటి వేసి, చివరి గెల పండగానే చెట్టు చచ్చిపోతుంది. పెరటిలో అందముకొరకు దీనిని పెంచేవారు కాయలను పిల్లల చేతికి ఈయరాదు. వాటి గుజ్జులో సూదులవంటి స్ఫటికాలు ఉండి విపరీతమైన దురద పుట్టిస్తాయి.

శ్రీతాళము మరింత అపురూపమైనది. దాని ఆకు ఒక్కటి అయిదు మీటర్ల వెడల్పు వరకు పెరుగుతుంది. పూర్వము గ్రంథాలు వ్రాయడానికి తాటాకుకంటె ఇది మెత్తగా, పలుచగా ఉండి శ్రేష్ఠమని భావించేవారు. ముప్పది మొదలు ఎనుబది సంవత్సరాలు ఎదిగి, ఒక్కసారి తలమీద బ్రహ్మాండమైన పూలగుత్తి ఎత్తి, లక్షలాది పూలు పూసి, కాయలు పండిన పిమ్మట నశిస్తుంది. దీని దాయాదియైన మరొక తాళాన్ని రాక్స్‌బరో వంగదేశములో చూచి 'కొరైఫా టాలియెరా' అని పేరు పెట్టాడు. దాని గతి విచారకరమైనది. 1979లో శాంతినికేతన సమీపములో ఒక చెట్టు తలమీద వింత కొమ్ములవంటి పూలగుత్తి బయలుదేరగా, దయ్యమని భయపడి గ్రామస్థులు దానిని నరికివేశారు. అడవిలో సహజముగా పెరిగినదానిలో ఆఖరిది అదేనని తరువాత తెలిసినది. ఢాకా విశ్వవిద్యాలయపు ఆవరణలో మిగిలిన మరొకటి 2008లో పూచి, కాయలు కాచి, ఎండిపోయినది. ఆ గింజలనుండి మొలిచిన మొక్కలను వేరువేరు చోట్ల నాటారు. అది ఏ చెట్టో తెలిసినవాడొకడు ఆ ఊరిలో ఉన్నట్లయితే 1979లో గొడ్డలి లేచేది కాదు.

ఇక ఉద్దానము కథకు తిరిగి వద్దాము. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుఫాను ఈ తోటలను బాగా దెబ్బతీసినది. అయిదేండ్లు తిరిగేసరికి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను సరిగా పలాస సమీపముననే తీరము దాటినది. గాలివేగము గంటకు 140–150 కిలోమీటర్లు; విసురు 165 వరకు. తెల్లవారి చూస్తే తోటలు లేవు. లక్షల సంఖ్యలో కొబ్బరిచెట్లు, లెక్కకు మించిన జీడిమామిడి చెట్లు నేలకూలినవి. తాతలు నాటిన చెట్టు ఒక్క రాత్రిలో పోయినవాని నష్టాన్ని ఎకరాలలో చెప్పడము కష్టము.

రెండు జాతులూ ఒకే విధముగా కూలినా, కూలిన తరువాతి గతి ఒకటి కాదు. దీనికి కారణము వాటి శరీర నిర్మాణములోనే ఉన్నది. జీడిమామిడి ద్విదళబీజ వృక్షము. దాని బెరడు క్రింద విభాజ్యకణాల పొర ఒకటి చుట్టూ ఉంటుంది. కొమ్మలు విరిగినా, మొదలు నేలలో నిలిచి ఉంటే మోడు చిగిరిస్తుంది. ఆ చిగురుకు మంచి రకపు అంటు కట్టవచ్చును. కొబ్బరి, తాడి మొదలైనవి ఏకదళబీజాలు. వాటి బోదెలో అటువంటి పొర లేదు. నారకట్టలు లోపలంతా చెదరి, అంచులలో దట్టముగా ఉంటాయి. అందుచేతనే తాళవృక్షము గాలికి విల్లువలె వంగి మరల లేవగలదు. కాని దాని ప్రాణమంతా తలమీది ఒకే ఒక మొవ్వులో ఉన్నది. మొవ్వు మెలితిరిగినా, తెగినా, ఆ చెట్టుకు రెండవ జన్మ లేదు. తిత్లీ తరువాత నిలబడి ఉన్న కొన్ని కొబ్బరిచెట్లు వారాలు గడిచిన పిమ్మట తలవాల్చడములోని రహస్యమిదే. కండ్లకు కనిపించిన నష్టముకంటె మొవ్వులోని నష్టము ఎక్కువ.

తుఫాను వెళ్ళిన తరువాత మరొక శత్రువు వస్తుంది. పడిపోయిన కొబ్బరి బోదెలను అలాగే వదిలివేస్తే అవి కుళ్ళి, కొమ్ముపురుగుకు పురిటిగదులవుతాయి. ఈ పెంకుపురుగు పిల్లదశలో కుళ్ళిన బోదెలలో, పెంటకుప్పలలో పెరిగి, రెక్కలు వచ్చిన తరువాత బ్రతికి ఉన్న చెట్ల మొవ్వులోనికి తొలుచుకొనిపోతుంది. అది తొలిచిన గాయాలలో ఎర్రముక్కుపురుగు గ్రుడ్లు పెడుతుంది. విప్పిన ఆకు కత్తెరతో విసనకర్ర ఆకారములో కత్తిరించినట్లు కనబడితే కొమ్ముపురుగు వచ్చినదని తెలుసుకోవలెను. పడిన బోదెలను చీల్చి తగులబెట్టడము, పెంటకుప్పలలో ఆ పురుగును చంపే పచ్చశిలీంధ్రాన్ని చల్లడము మంచి ఉపాయాలు. వీటికి తోడు మధ్య అమెరికా నుండి వచ్చిన వలయాకారపు తెల్లదోమ 2016లో దక్షిణ భారతములో కనబడి, కోస్తా కొబ్బరితోటలకు వ్యాపించినది. చెట్లు ఓడలలో వచ్చిన త్రోవనే వాటి చీడలూ వస్తున్నవి.

తిత్లీ తరువాత పెరడు తిరిగి నిర్మించుకొనేవారికి ఏమి నాటవలెననే ప్రశ్న వచ్చినది. కొబ్బరిలోనే, అంబాజీపేట పరిశోధనా స్థానము తూర్పుతీరపు పొడుగు రకాన్ని గంగబొండముతో కలిపి తయారుచేసిన 'గోదావరి గంగ' వంటి సంకరరకాలు త్వరగా కాపుకు వస్తాయి. వాటికి నీరు, ఎరువు శ్రద్ధగా వేయవలెను. పెరటికి ఇవి బాగుంటాయి కాని, సముద్రపు గాలికి ఎదురుగా ఉండే సరిహద్దుకు తాడికి మించినది లేదు. తాటిబోదె కొబ్బరిబోదెకంటె చాలా గట్టిది, వేళ్ళు లోతైనవి. ముంజలు, తేగలు, బెల్లము, ఆకు, కలప అన్నీ ఉపయోగమే. అయినా దానిని ఎవరూ నారుపోసి పెంచరు. ఇటుకబట్టీలకు నరకడములో మాత్రము అందరూ ముందుంటారు.

తాటిని నారుపోసి నాటడము ఎందుకు కష్టమో పిల్లలు స్వయముగా చూడవచ్చును. శ్రావణ భాద్రపదాలలో రాలిన తాటిపండు టెంకను వదులైన ఇసుకమన్నులో పాతితే, మొలక పైకి రాదు. ముందు క్రిందికి పోతుంది. బీజదళము గొట్టమువలె సాగి, లోపలి మొక్కను భూమిలోనికి దించుతుంది. ఆ కొస ఉబ్బి పిండితో నిండినదే మనము ఉడికించి తినే తేగ. టెంకలో మిగిలిన తీయని బుర్రగుంజు ఆ పిండిని టెంకలోనుండి పీల్చి అందించే అంగము. కొబ్బరికాయ మొలకెత్తినప్పుడు లోపల కనబడే కొబ్బరిపువ్వు కూడ ఇదే. కనుక తాడిని చివరివరకు ఉండవలసిన చోటనే టెంకగా పాతిపెట్టవలెను. మొలిచిన తరువాత పెరికి మార్చబోతే లోతున ఉన్న మొక్క తెగిపోతుంది. మరొక చిక్కు ఏమంటే, తాడిలో పోతు, పెంటి వేరువేరు చెట్లు. పూతకు వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. అందుచేత ఒక్క టెంక పాతి ముంజలకొరకు ఎదురుచూడరాదు.

ఈ స్త్రీపురుష భేదము మరొక ప్రసిద్ధ తాళమును కూడా చాలకాలము వంధ్యగా ఉంచినది. సముద్రములో కొట్టుకొని వచ్చే జంటకొబ్బరి బోలును మన సన్యాసులు కమండలముగా వాడేవారు. ఆ చెట్టు ఎక్కడ ఉన్నదో 1768లో సీషెల్స్ దీవులలోని ప్రస్లాన్‌లో కనుగొనేవరకు ఎవరికీ తెలియదు. పచ్చిగింజ నీటిలో మునిగిపోతుంది. తేలివచ్చేది కుళ్ళిన బోలు మాత్రమే. అందుకే కొబ్బరివలె అది మరొక తీరాన మొలవలేకపోయినది. కలకత్తా వృక్షోద్యానములో 1894లో దాని గింజ నాటారు. అది ఆడచెట్టు. చుట్టుప్రక్కల మగచెట్టు లేనందున ఫలించలేదు. 2013లో థాయిలాండు నుండి పుప్పొడి తెప్పించి పూలకు అంటించిన తరువాతనే కాయలు పట్టినవి.

పాఠశాల తోటలో జీలుగు, శ్రీతాళమువంటివి పెంచదలచిన ఉపాధ్యాయులు గింజల విషయములో ఒక జాగ్రత్త తీసుకోవలెను. వరి, కందులవలె వీటి గింజలను ఎండబెట్టి డబ్బాలో దాచితే చచ్చిపోతాయి. పండిన కాయ రాలగానే, చేతికి గుడ్డ చుట్టుకొని గుజ్జు కడిగివేసి, తడి ఆరకముందే నీడలో ఇసుక కలిపిన మన్నులో పాతవలెను. మొలకకు నెలలు పడుతుంది, త్రవ్వి చూడరాదు. మొదటి ఆకు గడ్డిపోచవలె ఉంటుంది. కలుపు తీసేటప్పుడు దానిని పెరికివేయకుండా ప్రక్కన ఒక పుల్ల గ్రుచ్చి ఉంచవలెను.